నివురుగప్పిన నిప్పు



ఇంటింటా అగ్గిపెట్టె లేని కాలంలో మన పల్లెల్లో ఒక అలవాటు ఉండేది. రాత్రి వంట ముగిశాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి పడుకునేవారు. పైకి చూస్తే పొయ్యి చల్లారినట్టే ఉంటుంది. తెల్లవారి బూడిద తీసి, ఇంత కొబ్బరిపీచు వేసి ఊదితే మంట లేస్తుంది. దీన్నే మన పెద్దలు నివురుగప్పిన నిప్పు అన్నారు. ఈ పూట నేను చెప్పబోయేది అటువంటి నిప్పు చరిత్రే. అయితే ఇది ఒంట్లో ఉండే నిప్పు. దీని సెగ మెదడుకు తగులుతుందా? తగిలితే ముసలివాళ్ల మతి ఏమవుతుంది? ఈ సంగతిని మనుషులు ఎట్లా కనుక్కుంటూ వచ్చారు? అదీ విషయం.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి వినండి. సూళగిరి దగ్గర మా ఊళ్లో మా అవ్వ ఉండేది. అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు. కొత్తిమీర కట్టలు ఎన్ని పోయాయి, కూలి ఎవరికి ఎంత బాకీ అన్నది వేళ్ల మీద చెప్పేది. ఇంటి బీగంచెవులు ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేవి. ఒక వానకాలంలో నాలుగు రోజుల్లో మనిషి మారిపోయింది. అర్ధరాత్రి లేచి, పదేళ్ల కిందట అమ్మేసిన ఆవుకు పాలు పిండాలంది. కొడుకును పట్టుకుని, పోయిన మొగుడి పేరు పెట్టి పిలిచింది. చూడ వచ్చినవాళ్లంతా, "వయసైపాయ, ఇంక మతి నిలవదు" అన్నారు. బీగంచెవులు ఆమె నడుము నుంచి తీసి, అలమారలో పెట్టేశారు.

ఒక డాక్టరు మాత్రం, "నాలుగు రోజుల ముందు బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాము. అయితే ఇది ముసలితనం కాదన్నాడు. మూత్రం పరీక్ష చేయిస్తే ఇన్‌ఫెక్షన్ బయటపడింది. జ్వరం కూడా సరిగా రాలేదు. మందులు పడ్డాక పది పదిహేను రోజుల్లో అవ్వ తేరుకుంది. తేరుకోగానే నడుము తడుముకుని, "నా బీగంచెవులు ఎవురు తీసిరి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

దీన్ని మన పాతవైద్యులు సన్నిపాతం అనేవాళ్లు. డాక్టర్లు డెలీరియం అంటారు. ఎక్కడో మూత్రాశయంలో రేగిన నిప్పు మెదడును నాలుగు రోజుల్లో కమ్మేసింది. ఇది పెద్ద మంట, కంటికి కనబడింది. మరి కనబడని చిన్న మంటలు, ఏళ్ల తరబడి ఆరకుండా కుములుతూ ఉంటే? మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. మిగతా తొంభై ఇద్దరికో ముగ్గురికో ఆ జబ్బు లేదు. ఈ ప్రసంగం వాళ్ల గురించే. వాళ్ల మెదడులో ఏం జరుగుతోంది అన్నదే నేటి ప్రశ్న.

ఈ కథలో రెండు పాయలున్నాయి. ఒకటి నిప్పు కథ, రెండోది తిండి కథ. ముందు నిప్పు సంగతి చూద్దాం.

రెండు వేల ఏళ్ల కిందట రోమునగరంలో సెల్సస్ అనే ఆయన శోథకు నాలుగు గుర్తులు రాసిపెట్టాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. కాలిలో ముల్లు గుచ్చుకుంటే మనందరికీ తెలిసేవి ఈ నాలుగే. పని చెడిపోవడం అనే అయిదో గుర్తును తరవాతివాళ్లు చేర్చారు. మన సుశ్రుతుడు వ్రణశోథను పచ్చిది, పండుతున్నది, పండినది అని మూడు దశలుగా చెప్పాడు. మామిడికాయను చూసినట్టే గడ్డను చూసి, ఎప్పుడు కోయాలో నిర్ణయించమన్నాడు.

ఈ నిప్పు ఎవరు రాజేస్తున్నారన్నది మాత్రం 1882 దాకా తేలలేదు. ఆ ఏడాది ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోఫ్ అనే రష్యా శాస్త్రవేత్త, అద్దంలాగా పారదర్శకంగా ఉండే సముద్రనక్షత్రపు పిల్లల ఒంట్లో చిన్న ముల్లు గుచ్చి పడుకున్నాడు. తెల్లవారి చూస్తే కదిలే కణాలు ఆ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. ఊళ్లోకి దొంగ వస్తే జనం కర్రలు పట్టుకుని మూగినట్టు. వాపు, వేడి అన్నవి ఒంటి కాపలాదారుల పని అని ఆయన గ్రహించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మెదడులో కూడా అటువంటి కాపలాదారులు ఉన్నారని 1919లో స్పెయిన్ దేశస్థుడు పియో దెల్ రియో ఓర్తేగా చూపించాడు. వాటికి మైక్రోగ్లియా అని పేరు. మామూలు వేళ అవి సన్నని కొమ్మలు చాచి చుట్టూ తడుముతూ ఉంటాయి. దెబ్బ తగిలితే కొమ్మలు ముడుచుకుని, బొద్దుగా మారి, చెడినదాన్ని మింగుతాయి. ఇంకో పదకొండేళ్లకు, 1930లో, న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో ఒక పదార్థాన్ని కనుగొన్నారు. అదే సి-రియాక్టివ్ ప్రోటీన్. ఈనాడు లాబుల్లో సి.ఆర్.పి. అని రాసేది దాన్నే. ఒంట్లో ఎక్కడ నిప్పు రగిలినా కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. బూడిద కింద నిప్పు ఉందో లేదో చెయ్యిపెట్టి చూసినట్టు, రక్తంలో చూసే వీలు కలిగింది. కాకపోతే నిప్పు ఎక్కడుందో అది చెప్పదు, ఉందని మాత్రమే చెబుతుంది.

ఇక తిండి కథ. మెదడు మన ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు. తినేది మాత్రం మనం పీల్చే ప్రాణవాయువులో సుమారు ఇరవై పాళ్లు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు అందరికన్నా ఎక్కువ తిన్నట్టు. నిద్రలో కూడా దానికి తిండి కావాలి. దాని ముఖ్యమైన తిండి రక్తంలోని గ్లూకోజు. మన రాగిముద్ద చివరికి మెదడుకు చేరేది ఆ రూపంలోనే.

ఇక్కడ మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వెలికితీశారు. జర్మనీలో లోమాన్ అనే ఆయన కూడా అదే ఏడాది విడిగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. మనం తిన్న తిండి కణంలో చివరికి చిల్లరగా మారేది ఎ.టి.పి.గానే. మెదడు ప్రతి తలపుకూ ఈ చిల్లరే ఖర్చు పెడుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి దాచిన ముడుపు లాంటిది. తరవాత లెడర్లే సంస్థలో సుబ్బారావు నడిపిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ అనే మందు కూడా వచ్చింది. కాన్సరుకు పుట్టిన ఆ మందును ఈనాడు కీళ్లవాత రోగులకు శోథ తగ్గించడానికి తక్కువ మోతాదులో ఇస్తున్నారు. అంటే మన కథలోని రెండు పాయలూ ఈ ఒక్క మనిషి బల్ల మీదుగా పోయినవే. 1948లో, యాభై మూడేళ్లకే ఆయన కన్నుమూశారు.

మెదడు ఎంత తింటోందో బతికున్న మనిషిలో కొలిచే ఉపాయాన్ని 1945లో ఫిలడెల్ఫియాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ కనిపెట్టారు. మనిషి చేత కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్పించి, మెదడుకు పోయే రక్తాన్ని, మెదడు నుంచి తిరిగి వచ్చే రక్తాన్ని పోల్చి చూశారు. చెరువులోకి వచ్చే నీళ్లు, తూము నుంచి పోయే నీళ్లు కొలిచి, నడుమ ఎంత ఇంకిందో లెక్క కట్టినట్టు.

ఈ పద్ధతితో చేసిన ఒక పాత అధ్యయనాన్ని ముఖ్యంగా మీకు చెప్పాలి. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థవారు 1950లలో 65 ఏళ్లు దాటిన 47 మంది మగవాళ్లను పరీక్షించారు. ఆస్పత్రుల్లో పడి ఉన్న రోగులను కాకుండా, ఊళ్లో తిరుగుతూ తమ పని తాము చేసుకునేవాళ్లను ఏరి తెచ్చారు. 1963లో ఫలితాలు అచ్చయ్యాయి. మెదడు రక్తప్రసారం గురించి రాసినవారిలో మొదటి పేరు మన దేశపు నాడీరోగ శాస్త్రవేత్త దస్తూరుది. పూర్తి ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్ల మెదడు పడుచువాళ్ల మెదడంత రక్తాన్ని, అంత ప్రాణవాయువును వాడుకుంటోందని వాళ్లు చూశారు. గ్లూకోజు వాడకంలో మాత్రం కొంత తగ్గుదల కనిపించింది. రక్తనాళాలు గట్టిపడిన ఛాయ కొద్దిగా ఉన్నవాళ్లలో రక్తప్రసారం కూడా తగ్గింది. అప్పటిదాకా వైద్యపుస్తకాలు వయసు పైబడితే మెదడు ఎండిపోతుందనే అనేవి. ఈ 47 మంది ఆ మాటను మార్చారు. మనం వయసు మీద వేసిన నిందలో చాలా భాగం జబ్బుకు చెందినదని తేలింది.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. హోసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, ఎనభయ్యేళ్ల వయసులో, 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు. తొంభై దాటినా రాస్తూనే ఉన్నారు. అందరం రాజాజీలం కాలేము. కానీ ఎనభై అంటే మతి పోయే వయసని మాత్రం ఇంక అనలేము.

1977లో లూయీ సోకోలోఫ్ బృందం మెదడులో ఏ మూల ఎంత గ్లూకోజు ఖర్చవుతోందో విడివిడిగా చూసే పద్ధతిని అచ్చు వేశారు. అంతకు ఏడాది ముందే, 1976లో, అదే ఫిలడెల్ఫియాలో, వెలుగుచుక్క తగిలించిన గ్లూకోజు లాంటి మందును మొదటిసారి మనిషికి ఎక్కించారు. దాని రేడియో ధార్మికత 110 నిమిషాలకు సగమైపోతుంది. అందుకే దూరపు ప్రయోగశాలలో తయారైన దాన్ని పరుగు పరుగున తేవలసి వచ్చింది. ఈనాటి పెట్ స్కాన్ ఆ దారినే వచ్చింది. మెదడులో ఎక్కడ పొయ్యి బాగా మండుతోందో, ఎక్కడ మందగించిందో అందులో రంగుల్లో కనబడుతుంది.

ఇప్పుడు ఈ రెండు పాయలు ఎక్కడ కలిశాయో చూద్దాం. 2000లో ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాంచెస్కీ ఒక మాట చెప్పాడు. వయసు మీరే కొద్దీ, ఏ జబ్బూ పైకి కనబడకపోయినా, ఒంట్లో సన్నని శోథ ఒకటి ఎడతెగక సాగుతుందని. నివురుగప్పిన నిప్పు అంటే ఇదే. రెండేళ్లకు, 2002లో, హవాయి దీవుల హొనొలూలూ నుంచి ఒక సాక్ష్యం వచ్చింది. అక్కడ 1970 ప్రాంతంలో నడివయసు మగవాళ్ల నుంచి తీసి దాచిన రక్తం ఉంది. ఇరవై అయిదేళ్ల తరవాత వాళ్లలో వెయ్యిన్ని యాభై మందిని చూశారు. ఆనాడు సి.ఆర్.పి. అతి తక్కువగా ఉన్న నాలుగోవంతు మందితో పోలిస్తే, మిగతావాళ్లకు డిమెన్షియా వచ్చే ప్రమాదం సుమారు మూడింతలు ఉంది. నిప్పు రాజుకున్నది నడివయసులో, పొగ వచ్చింది ముసలితనంలో.

నిప్పుకూ మెదడు తిండికీ నేరుగా సంబంధం ఉందా అన్నది ఇంగ్లండులోని బ్రైటన్‌లో చూశారు. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది పడుచువాళ్లకు టైఫాయిడ్ టీకా వేసి, ఒంట్లో చిన్న శోథ పుట్టించారు. కొన్ని గంటలకే దారులు గుర్తుపెట్టుకునే శక్తి కొంత తగ్గింది. జ్ఞాపకానికి ఆధారమైన మెదడు లోపలి భాగంలో గ్లూకోజు వాడకమూ తగ్గింది. 2014లో ఇది అచ్చయింది. టీకా చెడ్డదని దీనికి అర్థం కాదు, ఆ మార్పు తాత్కాలికం. ఒంటి శోథ మెదడు పొయ్యిదాకా పోతుందన్నదే ఇందులో తెలుసుకోవలసింది. మా అవ్వకు జరిగినదానికి ఇది చిన్న నమూనా.

అయితే లెక్క ఇంత సులువుగా తేలదు. 2021లో జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు ఇంకో మెలిక చూపించారు. రెచ్చిపోయిన మైక్రోగ్లియా తామే గ్లూకోజును బాగా తింటాయి. పెళ్లివారి కోసం వండింది కాపలావాళ్లే తినేసినట్టు. అందువల్ల పెట్ స్కాన్‌లో ఒకచోట వెలుగు ఎక్కువగా ఉంటే, అక్కడ తలపులు చురుకుగా సాగుతున్నాయని అనుకోరాదు. కాపలాదారులు రేగి ఉన్నారేమో కూడా. డిమెన్షియా లేని పెద్దవాళ్లలో శోథ వల్ల మెదడు జీవక్రియ ఒకచోట తగ్గినట్టు, ఇంకొకచోట పెరిగినట్టు కనబడటానికి ఇది ఒక కారణం. ఒక్క స్కాన్, ఒక్క రక్తపరీక్ష చూసి ఎవరి రాతా చెప్పలేము.

"నిప్పే కారణమైతే, నిప్పు ఆర్పే మాత్ర మింగితే సరి కదా" అని మీరు అడగవచ్చు. శాస్త్రజ్ఞులూ అదే అనుకున్నారు. 2001లో అమెరికాలో రెండున్నర వేల మందితో, డెబ్బై దాటినవాళ్లతో, నొప్పి మాత్రలు ఇచ్చి పరీక్ష మొదలుపెట్టారు. 2004 డిసెంబరులో గుండెకు ముప్పు అన్న అనుమానంతో మాత్రలు ఆపేశారు. మతికి మేలు జరిగినట్టూ తేలలేదు. కాబట్టి మందులషాపులో నొప్పి మాత్రలు కొని, మతి కోసమని మింగకండి. కడుపు, మూత్రపిండాలు చెడతాయి.

ఇంత దూరం తిరిగాము, ఇప్పుడు మన వాకిటికి వద్దాం. బేరికె దాటి మాలూరు, కోలారు మీదుగా పోతే శ్రీనివాసపురం వస్తుంది. మన కృష్ణగిరి మాదిరే మామిడికి పేరుపడ్డ సీమ. మన మాదిరే ఇంట్లో తెలుగు, బయట ఇంకో భాష. ఆ తాలూకా పల్లెల్లో 2018 నుంచి బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం ఒక పెద్ద అధ్యయనం నడుపుతోంది. నలభై అయిదేళ్లు దాటి, డిమెన్షియా లేని పదివేల మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి చూడాలని సంకల్పం. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, ఎం.ఆర్.ఐ. చిత్రాలు తీస్తారు. ఆ కేంద్రం వ్యవస్థాపక డైరెక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారు. ఇంతకాలం మెదడు ముసలితనం గురించిన జ్ఞానమంతా అమెరికా, ఐరోపా మనుషుల నుంచే వచ్చింది. రాగులు తిని, కట్టెల పొగ పీల్చి, ఎండలో తోట పని చేసిన మనిషి మెదడు ఎట్లా ముదురుతుందో చెప్పవలసింది మన సరిహద్దు సీమే.

సరిహద్దు అన్నాను గనుక ఇంకో మాట. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించారు. రెండు, అంతకు పైగా భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనబడింది. 2017లో ఇటలీ శాస్త్రజ్ఞులు, ఇటాలియన్, జర్మన్ రెండూ మాట్లాడే తమ సరిహద్దు సీమ రోగులకు పెట్ స్కాన్ తీశారు. రెండు భాషలవాళ్ల మెదడులో గ్లూకోజు వాడకం ఎక్కువ పడిపోయి ఉన్నా, వాళ్లు మతి విషయంలో మెరుగ్గానే ఉన్నారు. పొయ్యి మందగించినా వంట ఆగలేదు. అన్ని అధ్యయనాలూ ఈ మాటను బలపరచలేదు, అది కూడా చెప్పాలి. అయినా మా అవ్వ ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, మాలూరు బంధువులతో కన్నడం మాట్లాడేది. బడి ముఖం చూడని ఆమెకు అదొక ఆస్తి అని మాకు అప్పుడు తెలియదు. మనవళ్లతో తెలుగు మాట్లాడటం ఎందుకులే అనుకునే ఇళ్లవాళ్లు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

మరి మనం చేయగలిగింది ఏమిటి? ఫిన్లండులో 60 నుంచి 77 ఏళ్ల మధ్యవాళ్లు 1260 మందితో రెండేళ్లు చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. సరైన తిండి, నడక, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు వగైరాల అదుపు, ఇవన్నీ కలిపి పాటించినవాళ్లు మతి పరీక్షల్లో కొంత మెరుగ్గా నిలిచారు. ఒక్క మాత్ర చేయలేని పని నాలుగు అలవాట్లు కొంత చేశాయి.

మనకు వర్తించేట్టు చెబుతాను. చక్కెరజబ్బు, రక్తపోటు నలభై దాటగానే చూపించుకోండి. చిగుళ్ల నుంచి చీము, నెత్తురు వస్తుంటే వయసు కదా అని వదలకండి, అదీ నిప్పే. కాలిపుండును నిర్లక్ష్యం చేయకండి. బీడీ, పొగాకు మానండి. కట్టెల పొయ్యి ఉంటే పొగ పోయే దారి చూడండి. రోజూ నడవండి. చెవి మందగిస్తే యంత్రం పెట్టించండి, మాట వినబడని మనిషి ఒంటరి అవుతాడు. ఇక అన్నిటికన్నా ముఖ్యం ఒకటి. పెద్దవాళ్ల మతి రోజుల్లో మారిపోతే, అది ముసలితనం కాదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంటే కూడా చూపించండి. థైరాయిడ్ లోపం, బి-12 లోపం వంటి సరిచేయగల కారణాలు అందులో ఉండవచ్చు.

మా అవ్వ ఆ తరవాత ఆరేళ్లు బతికింది. బీగంచెవులు మళ్లీ ఆమె నడుముకే చేరాయి. పోయే నెల దాకా కూలి లెక్క ఆమే చెప్పింది. కానీ ఆ పది పదిహేను రోజులు ఆమె మనసులో నుంచి పోలేదు. ఎవరైనా, "అవ్వా, బాగుండావా?" అంటే, నడుము తట్టి చూపించి నవ్వేది.

మీ ఇంట్లో కూడా ఒక అవ్వో, తాతో ఉంటారు. వాళ్ల చేతిలోని బీగంచెవులు తీసుకునే ముందు, బూడిద ఒకసారి కదిపి చూడండి. కింద నిప్పు ఉందేమో, దాన్ని ఆర్పే వీలు ఉందేమో.